అత్తయ్య కాసిన మంచినీళ్ల చెరువు

మొన్న విజయవాడలో ఒక ఏసీ హాల్లో సభకు పిలిస్తే వెళ్లాను. పూర్వీకుల ఆరోగ్య పద్ధతుల మీద ప్రసంగాలు. కుర్చీకొక సీలు వేసిన నీళ్ల సీసా పెట్టారు. టై కట్టుకున్న కుర్రాయన ఒకడు తెర మీద ఊరి చెరువు ఫొటో వేసి, "మన పెద్దలు నీళ్లను దేవతగా కొలిచేవారండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా అత్తయ్య నీళ్లకు దణ్ణం పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. కాపలా కాయగా చూశాను.

కంకిపాడు అవతల మా ఊరు. అక్కడి మంచినీళ్ల చెరువుకు మా మేనత్త కాపలా. ఎవరూ నియమించలేదు, జీతం లేదు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. నన్ను పెంచింది, నాతోపాటు ఆ చెరువునూ పెంచింది. వేసవికి కాలవ కట్టేసేలోపు చెరువు నింపించేది. మళ్లీ కాలవ వదిలాక, పై ఊళ్ల మురికంతా మోసుకొచ్చే మొదటి నీళ్లు దిగువకు పోయేదాకా తూము తెరవనిచ్చేది కాదు. రేవులో కాలు పెట్టకూడదు, సబ్బు కనపడకూడదు. ఒకసారి ప్రెసిడెంటు గారి గేదె దిగితే, గేదెను వదిలేసి ప్రెసిడెంటు గారిని తిట్టింది. నీళ్లు బురదగా ఉంటే చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది; కాసేపటికి మట్టి అడుక్కి దిగి పైన తేట మిగిలేది. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న ఇంటి బిందె రేవుకు రాకూడదు. ఇరుగుపొరుగు వాళ్లే నీళ్లు తెచ్చి, ఆ ఇంటి గుమ్మంలో పెట్టిన బిందెలో పైనుంచి పోసి వెళ్లాలి. ఉప్పు వేసిన పల్చటి గంజి కూడా వాళ్లే కాచి ఇవ్వాలి. ఆ ఇంటి జబ్బు వీధిలోకి వచ్చేది కాదు, ఆ ఇంట్లో వాళ్లు దాహంతో ఉండేవాళ్లూ కాదు.

తొంభైల చివర్లో కుళాయిలొచ్చాయి. చెరువును చేపలకు వేలం వేద్దామని పంచాయతీ పెద్దలకు బుద్ధి పుట్టింది. 'ఈ చెరువు నీళ్లు ప్రజలు వాడుట లేదు' అని తీర్మానం రాయాలి, మంచి దస్తూరి ఉన్నవాడు కావాలి అన్నారు. బడిపంతుల్ని కదా, పొగిడేసరికి పొంగిపోయి నేనే రాశాను. ఆ పొద్దున కూడా ఆ నీళ్లే తాగి వెళ్లాను, సిగ్గులేని వెధవని.

"రోజూ నువ్వు తాగే నీళ్లు ఎవరూ తాగట్లేదని ఎట్టా రాశావురా?" అంది అత్తయ్య.

"కుళాయిలొచ్చాయిగా అత్తయ్యా, ఇంకా ఈ చాదస్తం ఎందుకు?" అన్నాను.

వేలం పాడుకున్నవాళ్లు చేపల మేతకని లారీలకు లారీలు కోళ్ల పెంట తెచ్చి చెరువులో పోశారు. రెండో వేసవిలో కుళాయిల మోటారు కాలిపోయింది. బాగుచేయించే నాథుడు లేడు. కాలవ అప్పటికే కట్టేశారు. జనం ఆ చేపల చెరువుకే బిందెలు పట్టుకెళ్లారు. వారం తిరక్కుండా ఇంటింటా వాంతులు, విరేచనాలు. జబ్బు ఇళ్ల బిందెలూ మిగతా బిందెలూ ఒకే రేవులో మునిగాయి. "కాచుకుని తాగండర్రా" అని అరుస్తూ, డెబ్భై దాటిన మా అత్తయ్య గంజి గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. నేను పై అధికారులకు అర్జీలు రాస్తూ కూచున్నాను.

చివరికి ఆవిడే పడిపోయింది. ఇంట్లో చుక్క నీళ్లు లేక నేను బిందె అందుకుంటే, మంచం మీంచి చెయ్యి అడ్డం పెట్టింది. "మన బిందె రేవుకి తీసుకెళ్లమాకు. ఎవరో ఒకళ్లు తెచ్చి పోస్తార్లే."

బిందె గుమ్మంలో పెట్టి సాయంత్రం దాకా చూశాను. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? ఆ వారమంతా నేనెవరి గుమ్మంలో పోశాను గనుక? అప్పటికి గానీ బుద్ధి రాక ఆటో పిలిపించాను. విజయవాడ చేరకముందే అత్తయ్య ప్రాణం పోయింది.

ఇరవై ఏళ్లు దాటాయి. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు. నాకు మాత్రం మరిపించకూడదనే ఉంది. ఈ కోపం చల్లారిన రోజున, ఎవరైనా కాగితం ముందుపెట్టి రాయమంటే మళ్లీ రాసిచ్చేస్తానేమోనని భయం.