పగడాలత్త ఆపరేషన్

సూర్యానికి సముద్రమంటే భయం. తాతలది భీమిలి దగ్గర ఊరు. అక్కడికి పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు చుట్టాలంతా అలల్లోకి దిగితే, ఆయన మాత్రం ఒడ్డున చెప్పులకు కాపలా కాసేవాడు. పుట్టిందీ పెరిగిందీ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. ఉద్యోగం గూడ్సు బళ్ళ మీద గార్డు. ఇప్పుడు దాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ, బొగ్గు బండి చివరి డబ్బాలో ఒంటరిగా కూర్చుని లూప్ లైన్‌లో, అంటే స్టేషన్ పక్క పట్టాల మీద, సిగ్నల్ కోసం పడిగాపులు పడటం మాత్రం మారలేదు. అలాంటి మనిషి తన క్వార్టర్ ముందుగదిలో ఒక చిన్న సముద్రాన్ని పెట్టుకున్నాడు.

అదొక గాజు తొట్టె. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, నారింజ రంగు చేపలు రెండు, వాటి మధ్య పగడాలు. ఉంగరంలో పొదిగే పగడం కాదు, బతికున్నది. చూడటానికి చిన్న పొదలా ఉంటుంది గానీ జంతువే. లోపల తెల్లటి సున్నపు ఎముక, దాని మీద పల్చటి చర్మంలాంటి కండ. విదేశంలో పెంచినవాటిని కాగితాలతో సహా ముంబై దుకాణం నుంచి తెప్పించుకున్నాడు. అన్నిట్లోకీ ఊదారంగు కొమ్మల పగడమంటే ఆయనకు ప్రాణం. డ్యూటీ దిగి ఇంటికొస్తే ముందు దాన్ని పలకరించాకే, భార్య కనకాన్ని "టిఫినేటి?" అని అడిగేవాడు.

కనకానికి ఆ తొట్టె మీద కోపం ఉండటానికి కారణం ఉంది. పగడాలు వేడికి ఆగలేవని, మే నెల రాగానే పడగ్గదిలోని ఏసీ ముందుగదికి వెళ్ళిపోయింది.

"నాను సెమటకి సచ్చినా పర్లేదు. రాళ్ళు మాత్రం సల్లగుండాల," అనేది.

"రాళ్ళు కావే, జీవాలు."

"మరి నానేటి?"

సూర్యం లేచి చెప్పులు వేసుకునేవాడు. డ్యూటీకి వేళయిందని వెళ్ళిపోయేవాడు.

ఆ వేసవిలోనే ట్రాన్స్‌ఫార్మర్ కాలి కాలనీకి రోజంతా కరెంటు లేకుండా పోయింది. తొట్టెలో నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. కరెంటైతే వచ్చింది గానీ, ఊదా పగడం మొదలు దగ్గర తెల్లటి మచ్చ ఒకటి కనబడింది. మర్నాటికి అది పైకి పాకింది. కండ పొరలు పొరలుగా ఊడి నీళ్ళలో తేలుతుంటే, కింద ఎముక బయటపడుతోంది.

సూర్యం గోల్ బజార్‌కి పరిగెత్తి, బంగారు చేపలు అమ్మే అతనికి ఫోన్‌లో ఫోటో చూపించాడు.

"అరే భాయ్, థోడా నమక్ డాల్ దో," అన్నాడతను.

అది ఉప్పునీళ్ళ తొట్టే కదా, మళ్ళీ ఉప్పేమిటని సూర్యం అడిగాడు.

"అచ్ఛా? తో థోడా ఔర్ డాల్ దో," అన్నాడు, అయితే ఇంకాస్త వెయ్యమని.

ఇంటికొచ్చేసరికి తల్లి అప్పయమ్మ గిన్నెడు పసుపు పట్టుకుని తొట్టె వైపు నడుస్తోంది. "పుండుకి పసుపు కన్నా మందేటుందిరా?" అంటోంది. సూర్యం మూసిన రైలు గేటులా రెండు చేతులూ చాపి తొట్టెకు అడ్డంగా నిలబడ్డాడు.

చివరికి ఒక కొమ్మముక్కను నీళ్ళ డబ్బాలో వేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాడు. బల్ల మీద పక్కనే మేకతో కూర్చున్న ముసలావిడ, నీ జంతువేదని అడిగింది. "తోర్ జానవర్ కహాఁ హే?" సూర్యం డబ్బా మూత తీసి చూపించాడు. ఆవిడ అందులోకి తొంగి చూసి, మేకను తనవైపుకు లాక్కుంది.

డాక్టర్ శ్రీవల్లిది కరీంనగర్. పగడాన్ని ఆమె భూతద్దంతో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది జంతువే అని చదువుకున్న సార్. కానీ దీన్ని ఎక్కడ పట్టుకుని చూడాల్నో తెలుస్తలేదు. రేపటిదాంక టైమియ్యండి."

ఆమె నిజంగానే చదివి, చేపల కాలేజీలో ఉన్న స్నేహితురాలిని కూడా అడిగి ఫోన్ చేసింది.

"కారణం ఇదీ అని ఎవ్వరూ గట్టిగ చెప్తలేరు సార్. వేడి గావచ్చు, క్రిములు గావచ్చు. మీరు మాత్రం పెద్ద తొట్టెల యాంటీబయాటిక్ పొయ్యకండి. నీళ్ళను బాగుంచే మంచి క్రిములు గూడ చస్తయ్. తెల్లబడ్డ కాడికి ఇంకో వేలి మందం పైకి, బాగున్న కండలనే కోసెయ్యండి. ఆ కొసలను అయోడిన్ కలిపిన ఉప్పునీళ్ళల్ల ముంచి, కొత్త రాళ్ళకు అతికించండి. మిగిలింది బయట పడెయ్యాలె."

కొయ్యాలన్న మాట వినగానే సూర్యానికి అన్నం దిగలేదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్న మొగుణ్ణి చూసి, కనకం కంచం అతని ముందుకు తోసింది.

"నానే కోస్తాను. ఎన్ని సేపలు కొయ్యలేదు ఈ సేతుల్తోటి."

గార్డులు డ్యూటీకి సంతకం పెట్టే ఆఫీసును లాబీ అంటారు. అక్కడ డ్యూటీలు వేసే రాంప్రసాద్‌కి సూర్యం ఫోన్ చేశాడు. అతనిదీ ఉత్తరాంధ్ర వైపు, శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబమే.

"రేపు డ్యూటీ ఎయ్యకు బాబూ. ఇంట్లో పగడాలకి సీరియస్‌గా ఉంది."

వాళ్ళ వైపు పగడాలు అనే పేరున్న ఆడవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. రాంప్రసాద్ పెద్దమ్మ పేరూ పగడాలే. సూర్యం ఇంట్లోనూ ఆ పేరుతో ఓ అత్త ఉందనుకున్నాడతను.

"అయ్యో, ఏటయింది?"

"కింద నుంచి కుళ్ళిపోతంది. డాక్టరమ్మ కోసెయ్యమంది."

"ఒలమ్మో! ఎంతవరకు?"

"తెల్లబడినంత మేరా. పై ముక్క బతికితే బతికినట్టు."

"పై ముక్కా!" రాంప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. "ఏ ఆస్పత్రి?"

"ఆస్పత్రేటి, ఇంట్లోనే. కనకం కోస్తాది."

రాంప్రసాద్ డ్యూటీ లిస్టులో సూర్యం పేరు కొట్టేశాడు. లీవు ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున కనకం రబ్బరు తొడుగులు వేసుకుని, బల్ల మీద పాత పేపర్లు పరిచి, కటింగ్ ప్లేయర్ చేతిలోకి తీసుకుంది. సూర్యం వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కనకం ఒక్కో కొమ్మనూ కత్తిరించి అయోడిన్ నీళ్ళ పళ్ళెంలో ముంచుతోంది. ఆఖరి కొమ్మ టక్కున విరిగింది. "అమ్మా!" అని సూర్యం అరిచాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చిన రాంప్రసాద్ ఆ కేక విని తలుపు పట్టుకుని ఆగిపోయాడు. చేతిలో బత్తాయిల సంచి. భార్య మాధవీలత అతన్ని తోసుకుని లోపలికి వచ్చింది. ఎదురుగా కనకం, తొడుగుల నిండా గోధుమరంగు అయోడిన్ మరకలతో.

"పగడాలత్తేదీ?" అంది మాధవీలత.

"ఏ అత్త?"

"ఆపరేషన్ అన్నారు కదా!"

కనకం ప్లేయర్‌తో పళ్ళెంలోని ముక్కలు చూపించింది. మాధవీలతకు ముందు అర్థమైంది. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని సోఫాలో కూలబడింది. రాంప్రసాద్ ముఖం ఎర్రబడింది.

"దీనికా నాను లీవిచ్చింది! లాబీలో అందరికీ సెప్పీసినాను. రక్తమివ్వడానికి ఇద్దర్ని రెడీగా ఉండమన్నాను!"

"ఏ గ్రూపు?" అని వంటింట్లోంచి సూర్యం కంగారుగా అడిగాడు.

అప్పయమ్మ ఈలోగా బత్తాయిల సంచి అందుకుని తన గదిలోకి నడిచింది.

"అరిసింది సాలు," అంది కనకం. "ముక్కలు ఆరిపోతన్నాయి. ఆ గ్లూ మూత తియ్యండి, రాంప్రసాద్ గారూ."

ఆమె గొంతులో ఏముందో గానీ రాంప్రసాద్ మూత తీశాడు. గ్లూ పూసి, ముక్కను రాయి మీద పెట్టి అదిమాడు. తీరా చెయ్యి తీయబోతే బొటనవేలూ చూపుడువేలూ కూడా రాయికి అతుక్కుపోయాయి.

"కదలకండి, ముక్క ఇరుగుతాది!" అంటూ కనకం అతని చేతిని రాయితో సహా తొట్టెలోకి దించింది.

చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసిపోగా రాంప్రసాద్ అలాగే నిలబడ్డాడు. నారింజ చేప వచ్చి అతని వేలిని కొరికి చూసింది. వేళ్ళు రాయి నుంచి ఊడివచ్చేసరికి మాధవీలత పెట్టిన టీ చల్లారిపోయింది, అతని కోపం కూడా.

అతికించిన ముక్కల్లో సగానికి పైగా తెల్లబడి చచ్చిపోయాయి. ఒక్కొక్కటీ తీసి పారేస్తుంటే సూర్యం భోజనం మానేసేవాడు, కనకం తిట్టి తినిపించేది. మిగిలినవి నిలబడ్డాయి. వానలు మొదలయ్యేసరికి ఊదారంగు కండ గ్లూ మీదుగా జారి, రాతిని చుట్టూ పట్టుకుంది.

లాబీలో మాత్రం గార్డులు ఇప్పటికీ పగడాలత్త ఎలా ఉందని అడుగుతుంటారు. నిజం చెబితే పరువు పోతుందని రాంప్రసాద్, "మెల్లగా పాకుతంది," అంటాడు. ఆ వయసులో అంతకంటే ఏం కావాలని వాళ్ళు సంతోషిస్తారు.

మొన్నొకరోజు సూర్యం ఎక్కడో లూప్ లైన్‌లో ఆగి ఉండగా కనకం ఫోన్ చేసింది.

"ఏటండీ, ఆ ఊదా దాని పక్కన పచ్చదొకటి ఉంటే బాగుంటాది. ముంబై వాళ్ళకి నానే సెప్పీసినాను."

"నన్నడక్కుండానా?"

"రేపు దానికేటైనా అయితే మీరు కొయ్యగలరా ఏటి?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.