అమ్మ మొదటి ఆదివారాలు

మా ఊరి మెథడిస్టు గుడి చరిత్ర రాయమని పాస్టరు అయ్యగారు అడిగినప్పుడు నాకు ముందు ఒళ్ళు మండింది. బెజవాడలో బడి ఉద్యోగం, వారమంతా నోటుపుస్తకాలు దిద్దడం, ఆదివారం ఒక్కపూట బస్సెక్కి కంకిపాడు దాటి మా ఊరొచ్చి కాసేపు అమ్మ దగ్గర కూర్చుందామంటే చేతిలో ఈ పని పెట్టారు. "మీరు తెలుగు టీచరు కదండీ, మీరు కాకపోతే ఎవరు రాస్తారు" అన్నారు. తెలుగు టీచరైతే చాలు, శుభలేఖల దగ్గర్నుంచి సమాధి రాళ్ళ దాకా అన్నీ మన నెత్తినే. అయినా సరేనన్నాను. ఆ గుడి నాకు పరాయిది కాదు.

రిజిస్టర్లలో ఉన్న చరిత్ర ఒక్క సాయంత్రంలో అయిపోయింది. కాలవగట్టు పక్కన తాటాకుల పాక, తర్వాత పెంకుల గుడి, తర్వాత ఇప్పటి స్లాబు. వచ్చి వెళ్ళిన అయ్యగార్ల జాబితా, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు. ఆ పెంకులు ఎలా వచ్చాయో మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు. మా ఆడవాళ్ళ బియ్యంతో వచ్చాయవి. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేవాళ్ళు. అది దేవుడి డబ్బా. నెలాఖరున స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్నావిడ గోనెసంచి పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం ఎత్తుకెళ్ళి, అమ్మి గుడికి జమ చేసేది. ఆవిడ మాకు చుట్టం కాదు, అయినా నేను పెద్దమ్మా అనే పిలుస్తాను. మా డబ్బా పాలపిండి డబ్బా. దాని మూత తీసే పని నాదేనని చెల్లెలితో రోజూ దెబ్బలాడేదాన్ని.

కానీ చరిత్ర రాసే వంకతో నేను తెలుసుకోవాలనుకున్నది వేరు. మా గుడిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభు సంస్కారం ఇస్తారు. అందరూ ముందుకెళ్ళి కర్ర కమ్మీ దగ్గర మోకరిస్తే అయ్యగారు రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం ఇస్తారు. అమ్మ ఏ ఆదివారమూ గుడి మానేది కాదు. చాపలు పరిచేది అమ్మే, పాట ఎత్తుకునేదీ అమ్మే. మొదటి ఆదివారం మాత్రం ప్రసంగం అవగానే లేచి వెళ్ళిపోయేది. పొయ్యి మీద పాలున్నాయనేది, తలనొప్పనేది. మా ఇంట్లో పాలెక్కడివి? నేను సంస్కారం తీసుకునే వయసుకు వచ్చిన రోజున మిగతా ఆడపిల్లల పక్కన వాళ్ళ అమ్మలున్నారు, నా పక్కన లేదు. ఆ రోజు మొదలు నాకు ఒకటే కోరిక, ఒక్కసారి అమ్మ నా పక్కన అక్కడుండాలని. పెళ్ళయి పిల్లలు పుట్టినా ఆ కోరిక పోలేదు. అడిగితే మాట దాటేసేది.

ఈసారి కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. పెంకుల గుడి సంగతి చెప్పమన్నాను. చెప్పింది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పటి తుఫాను గురించీ, గుడి పెంకులు సగం లేచిపోయిన సంగతీ చెప్పింది. ఆ నెల ఎన్ని బియ్యం ఎత్తారని అడిగాను. అమ్మ నా చేతిలో కలం తీసి పక్కన పెట్టింది. "మేం వెయ్యలా. తిన్నాం" అంది.

"ఏం తిన్నాం?"

"దేవుడి బియ్యం. మీ నాన్న బెజవాడ వన్ టౌన్లో బస్తాలు మోసే పనికి పోయినోడు పోయినట్టే ఉన్నాడు, రోడ్లు తెగిపోయి. పొలాల్లో పని లేదు. మీరిద్దరూ ఏడవట్లా కూడా, ఊరికే నా వంక చూస్తన్నారు. డబ్బా వొంపి గంజి కాశాను."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది. "దానికా అమ్మా, ముప్పై ఏళ్ళు? పస్తున్న పిల్లల గంజికి దేవుడు లెక్కలు రాసుకుంటాడా?"

"నువ్వు చదువుకున్నదానివి, నీకన్నీ తెలుసు" అంది. "వెనక్కి వెయ్యలేదనుకున్నావా? రెండేళ్ళు రెండేసి పిడికిళ్ళు వేశాను. కానీ చెప్పకుండా వేశాను. బియ్యం ఎత్తే అక్కకి చెప్పి ఉండాల్సింది. మొదటి నెల సిగ్గేసింది. రెండో నెల ఇంకా సిగ్గేసింది. తర్వాత ఇక నోరు రాలా. అయోగ్యంగా తినొద్దని అయ్యగారు ప్రతిసారీ చదువుతారుగా, అది నన్నే అన్నట్టుండేది. నాకు మాత్రం వెళ్ళాలని లేదా ఏంటే?"

వెళ్ళాలని ఉందన్న మాట అమ్మ నోట వినడం అదే మొదలు. ఆ పూటే చెయ్యి పట్టుకుని పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. రెండు వీధుల అవతలే. ఆవిడకు ఎనభై దాటాయి, చూపు ఆనదు. మంచం మీద కూర్చోమన్నా అమ్మ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది, బడిలో పాఠం అప్పజెప్పినట్టు.

పెద్దమ్మ అంతా విని, "ఆ నెల నేను మీ ఇంటికొచ్చానా ఏంటే?" అంది.

"ఏమో అక్కా. నువ్వడుగుతావని తలుపేసుకుని పడుకున్నాను. తలుపేసుంది చూసి వెళ్ళిపోయావనుకున్నా."

"మీ ఇంటికే కాదే, ఎవరింటికీ పోలా. ముందు నా డబ్బాయే ఖాళీ. ఏ మొహం పెట్టుకుని మిమ్మల్నడగను? అయ్యగారికి జ్వరమని చెప్పాను. తర్వాత నెల ఒక్కళ్ళన్నా, పోయిన నెల రాలేదేమని అడగలా. అప్పుడర్థమైంది నాకు, అందరిదీ అదే సంగతని."

"మరి నువ్వు సంస్కారానికి వెళ్ళావా?"

"వెళ్ళాను. ఆకలేసి తిన్నానయ్యా అని దేవుడికే చెప్పుకుని వెళ్ళాను."

అమ్మ మొహం తేలికపడుతుందనుకున్నాను. అలా జరగలేదు. "ఒక్క మాట నాతో అంటే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోయేవా అక్కా?" అంది. "నువ్వన్నావా?" అంది పెద్దమ్మ. మేం వచ్చేటప్పుడు పెద్దమ్మ తడుముకుంటూ అమ్మ చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. ఇంటికొచ్చేదాకా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మరుసటి నెల మొదటి ఆదివారం ప్రసంగం అయ్యాక అమ్మ లేచింది. గుమ్మం వైపు వెళ్తుందేమో అనుకున్నాను. నా భుజం పట్టుకుని ముందుకు నడిచింది. మోకాళ్ళు వంగవు, కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. నేనూ మోకరించకుండా పక్కనే నిలబడ్డాను. తిరిగొచ్చి కూర్చున్నాక నా చెవిలో, "ఇంత చిన్న ముక్కేనా? అప్పట్లో పెద్దది పెట్టేవాళ్ళు" అంది. తర్వాత పెద్దమ్మను అడిగాను. ఎప్పుడూ ఇంతేనంది.

పుస్తకంలో ఈ సంగతి రాయొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. తుఫాను వచ్చిన నెల పిడికెడు బియ్యం ఎత్తలేదని ఒక్క వాక్యం మాత్రం రాశాను. అయ్యగారు అది చదివి, అవసరమాండీ అన్నారు. అవసరమే అన్నాను, కాస్త గట్టిగానే. ఇప్పుడు అమ్మే లేదు, ఈ కాగితానికి ఆ ఒట్టు తగలదనుకుంటున్నాను.

ఆ ఆదివారం తర్వాత అమ్మకు ఇంకో మూడు మొదటి ఆదివారాలు దొరికాయి. అంటే మొత్తం నాలుగు. చివరికైనా సంస్కారం తీసుకుని పోయింది, అదృష్టవంతురాలు అంటారు ఊళ్ళోవాళ్ళు. నాకు నాలుగు చాలవు. ముప్పై ఏళ్ళలో ఎన్ని మొదటి ఆదివారాలో లెక్కపెట్టబోతాను, మధ్యలో వదిలేస్తాను. ఇప్పటికీ నెలకోసారి బస్సెక్కి వెళ్తాను. కమ్మీ దగ్గర మోకరించి, ఎడమపక్క ఒక మనిషి పట్టేంత చోటు వదులుతాను. వెనకున్నావిడ, "కాస్త జరగండి టీచరుగారూ, అక్కడ ఖాళీగానే ఉందిగా" అంటుంది. నేను జరగను.