ఇన్‌చార్జి బాయిలర్ ఆపమంటే నవ్విన్రు

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టిన నన్ను నాచారంలోని ఒక మందుల కంపెనీలో షిఫ్టు ఇన్‌చార్జిని చేశారు. టీ ఎప్పుడు తాగాలన్నా నలుగురినీ అడిగే రకాన్ని నేను.

ఒక మధ్యాహ్నం బాయిలర్ ప్రెషర్ ముల్లు ఎర్రగీత దాటింది. మేనేజర్ ఫోనెత్తలేదు.

“బాయిలర్ ఆపేయ్ యాదగిరీ,” అన్నాను.

“పరాచికాలొద్దన్నా. ఆపితే సరుకంతా కరాబైతది, సార్ మనల్ని ఉంచడు,” అని ఆపరేటర్ యాదగిరి నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు.

రోజూ అందర్నీ ఆటపట్టించేవాణ్ణి, నా మాట ఎవరు నమ్ముతారు? నేనే వెళ్లి స్విచ్ ఆపి, అందరినీ బయటికి తోలాను.

తర్వాత చూస్తే ఆవిరి వదిలే వాల్వు బిగుసుకుపోయి ఉంది.

స్విచ్ ఆపడం చిటికెలో పని. నన్ను నేను నమ్మడానికే ఒంట్లో ఓపికంతా అయిపోయింది. ఉప్పల్‌లో ఇల్లు చేరగానే మా ఆవిడ, “ఏం కూర వండాలె?” అని అడిగింది.

“ఇయ్యాల్టికి నన్నేం అడగకు. నువ్వేది పెడితే అదే తింట,” అన్నాను.