ఎనిమిది రోజుల ఖాళీ

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. నీళ్ళాయన అనేవారు. నీటి సరఫరా శాఖలో ఇరవై ఆరేళ్ళుగా వాల్వులు తిప్పే ఉద్యోగం ఆయనది. పొద్దున్నే ఒక బారెడు ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని సైకిలెక్కేవాడు. రోడ్డు మధ్య ఇనుప మూత ఎత్తి, గొయ్యి అంచున బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి దూర్చి, చుట్లు లెక్కపెడుతూ తిప్పేవాడు. అలా పడుకున్న మనిషి ప్యాంటు వెనక చిరుగుంటే ఊరందరికీ తెలుస్తుంది, ఆ మనిషికి తప్ప. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకి ఆ ముచ్చటా తీరింది. అప్పట్నించీ ఆయన భార్య, కొత్త ప్యాంటయినా సరే, వెనకవైపు లోపల రెండో గుడ్డ వేసి కుట్టిగానీ తొడుక్కోనిచ్చేది కాదు.

ఆవిడకి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఉత్సాహం వచ్చేది. మనకొచ్చే ఉత్సాహం లాంటిది కాదది. ఒకసారి మిట్టమధ్యాహ్నం పదకొండు గొడుగులు కొనుక్కొచ్చి బస్టాపులో ఉన్నవాళ్ళకి పంచిపెట్టింది. పన్నెండో ఆయనకి అందలేదని మర్నాడు ఆయన్ని వెతుక్కుంటూ ఊరంతా తిరిగింది. ఇంకోసారి నీటి సరఫరా ఆఫీసుకెళ్ళి పెద్ద ఇంజినీరు కుర్చీలో కూర్చుని, మా ఆయనకి ప్రమోషన్ ఇస్తేగానీ లేవనంది. నీళ్ళాయన తలుపు దగ్గర నిలబడి తన చెప్పుల వంకే చూసుకుంటూ ఉండిపోయాడు. ఇంజినీరు మంచివాడు, టీ తెప్పించాడు. టీ బాగాలేదని, అది కాచినవాడికి పాఠం చెప్పడానికి ఆవిడ లేచి వెళ్ళింది. అలా కుర్చీ ఖాళీ అయింది.

ఉత్సాహం దిగిపోయాక వచ్చే రోజులు మాత్రం ఎవరికీ నవ్వు తెప్పించేవి కావు. గోడవైపు తిరిగి పడుకునేది. నెలలకి నెలలు. తల దువ్వబోతే, నాకెందుకండీ అనేది. గొడుగులు పంచిన చేతికి మంచినీళ్ళ గ్లాసు బరువయ్యేది.

ఈ రెండిటి మధ్యా అసలు మనిషి ఏ రెండు మూడు వారాలో కనిపించేది. ఆ మనిషి తక్కువ మాట్లాడుతుంది. పేకాటలో దొంగాట ఆడి, పట్టుబడితే పైపెచ్చు ఆయన మీదే అలుగుతుంది. వచ్చీరాని పాట కూనిరాగం తీస్తూ గుండీలు కుడుతుంది. నీళ్ళాయన కాపురం చేసింది ఆ మనిషితో. మిగతా ఏడాదంతా ఆ మనిషి కోసం ఎదురుచూసేవాడు.

మందులు చాలానే వాడారు. ఒకటి ఒళ్ళు ఉబ్బించింది, ఇంకొకటి పగలంతా నిద్రపుచ్చింది. నాలుగేళ్ళ కిందట ఒక డాక్టరమ్మ లామోట్రిజిన్ అని రాసింది. ఫిట్స్‌కి వాడే మందే ఇది, మనసు ఇలా ఎక్కి దిగేవాళ్ళకి, ముఖ్యంగా మరీ దిగిపోకుండా పట్టి ఉంచడానికి కూడా ఇస్తామని చెప్పింది. మొదలుపెట్టడం మాత్రం నత్తనడక. రెండు వారాలు ఇరవై అయిదు మిల్లీగ్రాములు, ఇంకో రెండు వారాలు యాభై, ఆ పైన వంద, చివరికి రెండువందలు, అంటే రోజుకి వందవి రెండు బిళ్ళలు. చీమకి చెంచాతో నీళ్ళు పోసినట్టుందని నీళ్ళాయన గొణిగాడు. తొందరపడితే ఒంటిమీద దద్దుర్లు లేచి ప్రాణం మీదికి రావచ్చంటూ డాక్టరమ్మ ఒక కార్డు మీద రాసిచ్చింది. మందు ఉన్నట్టుండి మానకూడదు. దద్దుర్లు, జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం, వీటిలో ఏది కనపడినా మందు ఆపి ఆ రోజే ఆసుపత్రికి రావాలి. అయిదు రోజులకి మించి మానేస్తే మళ్ళీ మొత్తం మోతాదుతో మొదలుపెట్టకూడదు, ముందు తనకి ఫోన్ చెయ్యాలి.

కార్డుని ఆయన బీరువా తలుపుకి అంటించాడు. లోపలివైపు.

దానికో కారణం ఉంది. మొదటిసారి మందుల షాపుకి వెళ్ళినరోజు కౌంటర్ వెనకాయన చీటీ చూసి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు, ఫిట్స్ ఎవరికండీ, మీకేనా అన్నాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. నీళ్ళాయన ఒకసారి వాళ్ళ వంక చూశాడు. “కుక్కకి” అన్నాడు. వాళ్ళకి కుక్క లేదు. ఆ వారమంతా వీధిలోవాళ్ళు కుక్కకెలా ఉందని అడగటం, ఈయన ఫరవాలేదు, లేచి తిరుగుతోందని చెప్పడం. ఈ సంగతి విని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పట్నించి రోజూ భోజనమయ్యాక ఆయన బిళ్ళలు అందిస్తే భౌమని మింగేది. కానీ ఆ మొదటిరోజు నవ్వి నవ్వి ఆగాక ఒక్క మాట అంది. అక్కకి మాత్రం తెలియనివ్వద్దంది.

ఆ అక్కే ఈవిడని పెంచింది. మా చెల్లెలు మందూ మాకూ లేకుండా మనోబలంతో నిలబడిందని పదిమందికీ చెప్పుకుని మురిసిపోయే మనిషి. ఆ మురిపెం పాడుచెయ్యడానికి ఈవిడకి నోరు రాలేదు.

నాలుగేళ్ళు బాగా నడిచాయి. ఆ నాలుగేళ్ళ గురించి చెప్పడానికేమీ లేదు, అదే వాటి గొప్ప. గుండీలు కుట్టింది, దొంగాట ఆడింది, అలిగింది.

తర్వాత అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. సాయానికి చెల్లెలు బస్సెక్కి వెళ్ళింది. వెళ్ళేముందు హడావిడిలో సంచీ మార్చింది. బిళ్ళలు పాత సంచీ అడుగున, మేజోడులో దాచినవి దాచినట్టే ఉండిపోయాయి. మర్నాడు ఫోన్‌లో గుసగుసగా ఆ సంగతి చెప్పింది. తెచ్చిస్తానన్నాడు. వద్దంది. నాలుగు గంటల ప్రయాణం చేసి ఎందుకొచ్చావని అక్క అడిగితే ఏం చెబుతారు, ఎనిమిది రోజులేగా, నేను బాగానే ఉన్నానంది. ఆయన సరేనన్నాడు. ఆవిడ పరువు కాపాడుతున్నాననుకున్నాడు.

తిరిగొచ్చిన సాయంత్రం ఆవిడ బట్టలు సర్దడానికి బీరువా తెరిచింది ఆయనే. కార్డు అక్కడే ఉంది. నాలుగేళ్ళుగా కళ్ళముందున్న కాగితం కంటికి ఆనదు. భోజనమయ్యాక ఆవిడ అరచెయ్యి చాచి, ఒకటి వేసుకోనా, రెండూనా అని అడిగింది.

“రెండూ. ఎనిమిది రోజులు ఎగ్గొట్టి ఇంకా బేరం కూడానా?”

మింగేసింది.

మళ్ళీ మొదలుపెట్టిన పన్నెండో రోజున గుండెల మీద ఎర్రగా పొక్కింది. కొత్త సబ్బు పడలేదనుకున్నారు. సబ్బు మార్చారు. కింది వాటాలో టైలరు వేడి చేసిందన్నాడు. మర్నాటికి జ్వరం తగిలింది, పెదవులు మండుతున్నాయంది. నీళ్ళాయన ఆఫీసు నించి వస్తూ మందుల షాపులో ఆగి దద్దుర్లకి పూతమందు అడిగాడు. కౌంటర్ వెనకాయన ఈసారి గొంతు తగ్గించే అడిగాడు, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు.

“లేదండీ” అన్నాడు నీళ్ళాయన.

ఆ మాట ఒక రోజుని మింగింది. తెల్లారేసరికి ఆవిడ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, పెదవులు అంటుకుపోయాయి, నీళ్ళు గుటక వెయ్యలేకపోతోంది. ఆసుపత్రికి వెళ్దామని చొక్కా కోసం బీరువా తెరిచాడు. తలుపు లోపలివైపు తన చేత్తో అంటించిన కార్డు. నిలబడి చదివాడు. మళ్ళీ మొదటినించి చదివాడు. రెండోసారి చదివినా అవే మాటలు ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు ఆపించి, ఆవిడని లోపలికి పంపించి, ఈయన్ని కూర్చోబెట్టి అడిగింది. మధ్యలో ఎన్ని రోజులు మానేశారు, మళ్ళీ ఎంతతో మొదలుపెట్టారు. రెండిటికీ జవాబు చెప్పాడు. డాక్టరమ్మ రాసుకుంది. అన్ని రోజులు ఆగితే ఒంట్లోంచి మందు పూర్తిగా పోతుందనీ, ఒళ్ళు దాన్ని కొత్తదాని కిందే లెక్క వేస్తుందనీ, అందుకే మళ్ళీ ఇరవై అయిదు నించి రావాలనీ చెప్పబోతోంది.

“తెలుసండీ” అన్నాడు నీళ్ళాయన. “వారంపాటు ఎండిన లైనుకి వాల్వు ఒక్కసారి తిప్పకూడదు. పావు చుట్టు తిప్పి ఆగాలి. లోపలి గాలి పోనివ్వాలి. ఆగకుండా తిప్పితే ఎక్కడో ఒక అతుకు పగులుతుంది. మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ నేర్పింది నేనే.”

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. అలా మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ ఇలా కాదనీ, కావచ్చన్న భయంతోనే ఆ నియమం పెట్టామనీ అంది. ఆయన తలూపాడు. ఓదార్పు మాటని ఓదార్పు మాటగానే పుచ్చుకున్నాడు.

పంతొమ్మిది రోజులు ఉంచారు. ఒళ్ళంతా కాలినట్టు తోలు లేచిపోయి, మళ్ళీ వచ్చింది. బతికింది. ఇక జన్మలో ఆ మందు వాడకూడదన్నారు. దాని చుట్టాలు కొన్నిటిని కూడా గుమ్మం తొక్కనివ్వద్దని చీటీ మీద ఎర్ర సిరాతో రాశారు. రక్త పరీక్షలు చేయించుకుంటూ వాడాల్సిన వేరే మందు మొదలుపెట్టారు. అది పట్టు దొరకబుచ్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా ఏమైనా రావచ్చు, ఏ కాస్త తేడా కనపడినా ఫోన్ చెయ్యమన్నారు.

అక్క చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. మంచం పక్కన కూర్చుని అంతా వింది. తిడుతుందనుకున్నాడు మరిది. ఆవిడ చెల్లెలి పాదం మీద చెయ్యి వేసి, “పదేళ్ళుగా నేనూ ఒక బిళ్ళ వేసుకుంటున్నానే. నువ్వు చూస్తావని ఆ ఎనిమిది రోజులూ దిండు గలీబులో దాచుకున్నాను” అంది.

ఇంటికొచ్చిన రెండో వారంలో ఒక ఉదయం నీళ్ళాయన లేచేసరికి ఇల్లు అద్దంలా ఉంది. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. ఆవిడ వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని తన చేతుల వంక చూసుకుంటోంది. రెండు గంటలే పడుకున్నాననీ, అయినా అలసట లేదనీ చెప్పింది. ఆయన డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. ఒక మందు కలిపారు, రేపు రక్తం ఇవ్వమన్నారు, రెండ్రోజుల్లో తీసుకురమ్మన్నారు. ఫోన్ పెట్టేసరికి ఆవిడ పుస్తకం, కలం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“రాసుకోండి. నేను నేనుగా ఉన్నప్పుడే చెప్పాలి.”

ఊరెళ్ళే మనిషి ఇల్లు అప్పజెప్పినట్టు చెప్పింది. తను ఏమడిగినా అమ్మొద్దని షాపులవాళ్ళకి ముందే చెప్పి ఉంచాలి. బిళ్ళలు తన చేతికివ్వకుండా ఎదురుగా ఉండి మింగించాలి. వీధి తలుపు తాళాలు, బీరువా తాళాలు ఆయన దగ్గరే పెట్టుకోవాలి, అడిగితే ఇవ్వకూడదు, వాదించకూడదు, ఎక్కడికీ వెళ్ళకుండా పక్కన కూర్చోవాలి. నోటికొచ్చినట్టు తిడితే పట్టించుకోకూడదు. “మీ అమ్మగారి ముక్కు గురించి కూడా అంటాను. అదొక్కటీ ఇప్పుడు కూడా అంటాననుకోండి.” ఆ తర్వాత గోడవైపు తిరిగితే తల దువ్వడం మానకూడదు. “నాకెందుకంటాను. అయినా దువ్వండి.”

రాస్తూ రాస్తూ ఆయన కలం ఆపాడు.

“రెండూ వేసుకోమంది నేను” అన్నాడు.

“తెలుసు. సంచీ మార్చింది నేను. అక్కకి చెప్పొద్దన్నదీ నేనే. మీ వాటా వరకే మొయ్యండి.” ఆ పైన పుస్తకం తనవైపు తిప్పుకుని, రాసింది చదివి, అక్షరాలు కోడి కెలికినట్టున్నాయంది. “ఇందులో ఉన్నదే నా మాట. తర్వాత ఏమన్నా అది నా మాట కాదు.”

మర్నాడు రక్తం ఇచ్చి వచ్చారు. ఆ మర్నాడు పొద్దున ఆవిడ నెమ్మదిగానే ఉందని ఆఫీసుకెళ్ళి, మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దామని ఆయన సెలవు చీటీ పెట్టి రెండింటికల్లా వచ్చేశాడు. వచ్చేసరికి ఇంట్లో కుర్చీలన్నీ వీధిలో ఉన్నాయి. టైలరు కుర్చీ కూడా ఉంది, టైలరు పక్కన నిలబడి ఉన్నాడు. దారిన పోయేవాళ్ళని ఆవిడ ఆపి కూర్చోబెడుతోంది. ఈ వీధిలో ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎన్నేళ్ళయిందో తెలుసా అని అడుగుతోంది. మొహం వెలిగిపోతోంది. ఎవరైనా అందగత్తె అంటారు. ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు, ఒకాయన నిజంగానే కూర్చున్నాడు.

నీళ్ళాయన ఎవరివంకా చూడకుండా లోపలికి వెళ్ళి, మేకుకున్న తాళాలగుత్తి తీసి జేబులో వేసుకుని వచ్చి, ఆవిడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

“తాళాలెందుకు తీశారు?” అంది. చూడనే చూసింది.

“తీసి దగ్గర పెట్టుకోమన్నారు.”

“ఎవరు?”

“మా ఆవిడ.”

ఆవిడ వీధంతా వినపడేలా నవ్వింది. “విన్నారా? మా ఆయనకి ఇంకో ఆవిడ ఉందిట. ఏదీ, పిలవండి ఆవిణ్ణి. ఎక్కడుందేం?”

అందరూ ఆయన వంక చూస్తున్నారు. నీళ్ళాయన తల దించుకోలేదు.

“వస్తుందన్నారు. ఇంకో నెల పట్టొచ్చట” అన్నాడు.

“అయితే అప్పటిదాకా నేనున్నాగా, దిగులెందుకు” అని ఆవిడ ఇంకో కుర్చీ లాగింది.