కొత్త రోడ్డు మీద పట్టు పడుగు

ధర్మవరంలో మా కాలనీలో ఇళ్లు పెరిగిపోవడంతో మూలనున్న కూడలిని వెడల్పు చేశారు. పని జరిగినన్నాళ్లూ రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు పెట్టారు. చీర నేసే ముందు పట్టు పోగుల పడుగును పొడవుగా లాగి కట్టి సరిచేసుకోవాలి. మా సందు ఇరుకు. అందుకని ఆ ఖాళీ రోడ్డుకే అలవాటు పడ్డాం.

ఒకరోజు పొద్దున్నే నేనూ మా అత్తా పడుగు లాగి కట్టాం. డ్రమ్ములు తీసేసిన సంగతి చూసుకోలేదు. మలుపులోంచి నిండు బస్సు వచ్చేసింది. అత్త పరుగెత్తి చేతులు చాచి ఎదురు నిలబడింది. బస్సు పడుగు అంచున ఆగింది.

"రోడ్డు తెరిచినారని మాకెవరూ చెప్పలేదప్పా. పోగులు తెగితే చీర పాడైపోతాది" అంది అత్త.

తిడతాడనుకున్న డ్రైవరు ఇంజన్ ఆపి దిగాడు. "మాదీ మగ్గం ఇల్లేలేమ్మా" అని బస్సు వైపు తిరిగి, "అందరూ దిగి ఒక చెయ్యి వేయండప్పా" అన్నాడు.

ప్రయాణికులు పడుగు పొడవునా నిలబడి, ఒక్కసారే ఎత్తి రోడ్డు పక్కకు చేర్చారు. ఒక్క పోగూ తెగలేదు.

ఇప్పుడక్కడ సిగ్నల్ ఉంది. పచ్చ లైటు పడకముందే వెనక హారన్లు మొదలవుతాయి. ఆ రోజు బస్సు వెనక బండ్లు బారులు తీరి ఆగాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు.