నేనైతే సగంల కట్టిస్తుంటి

మా అమ్మకు అన్న, అంటే మా మేనమామ, తన బతుకులో ఒక్క ఇల్లూ కట్టించలేదు. కానీ ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా భోజనానికి ముందే గోడను వేళ్లతో టకటక కొట్టి, "ఎంతయింది?" అని అడిగేవాడు. వాళ్లు ఎంత చెప్పినా, "మస్తు మోసపోయిండ్రు. నేనైతే సగంల కట్టిస్తుంటి" అనేవాడు. కొత్త ఇంటివాళ్లకు ఆ పూట అన్నం సహించేది కాదు.

మరిపెడలో మేమూ ఇల్లు కట్టుకోవాలనుకున్నాం. మేస్త్రీ ఇరవై లక్షలు అవుతాయన్నాడు. మామ నవ్వాడు. "పన్నెండు. ఒక్క రూపాయి ఎక్కువైతే నన్నడుగు చెల్లె" అన్నాడు. అమ్మ దగ్గర ఉన్నదీ అంతే. మొత్తం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఇల్లు పునాదుల దగ్గరే ఆగిపోతుందని చుట్టాలంతా ఎదురుచూశారు. ఆగలేదు. స్లాబు పడింది, టైల్స్ వచ్చాయి, రంగులు కూడా వేశారు. మామ మళ్లీ పైసా అడగలేదు. గృహప్రవేశం నాడు గడప దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకు వాళ్లు అడగకముందే "పన్నెండు లక్షలే" అని చెప్పాడు.

వంటల దగ్గర అత్తమ్మ మాత్రం ముభావంగా ఉంది. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే, "తరిగొప్పుల ఊళ్లె మా జాగ అమ్మి దీంట్ల పెట్టిండు వదినె" అంది.

అమ్మ ఏడుస్తూ వెళ్లి మామ చెయ్యి పట్టుకుంది. "ఎందుకన్నా గిట్ల చేసినవ్? లెక్క తప్పిందని చెప్తే నేనేమన్న అంటుంటినా?"

మామ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నా లెక్క తప్పలే చెల్లె. సిమెంటోళ్లే ధర తప్పు చెప్పిండ్రు."