నాలుగు అంటే పని లేదా?

మా స్టాటిస్టిక్స్ ల్యాబ్ మేడమ్ పోయారని సోమవారం పొద్దున్న కాలేజీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఏడుపుతో పాటు ఒక ప్రశ్న కూడా నన్ను పట్టుకుంది. ఆసుపత్రికి నేను పంపిన పట్టికను ఆమె చూశారా, లేదా?

ఆటోనగర్ నుంచి సిటీ బస్సులో వచ్చి, మాకంటే ముందే ల్యాబ్ కిటికీలు తెరిచేవారు. ప్రోగ్రాం నడిచి పట్టిక రాగానే దాన్ని పైకి చదవమనేవారు. "అంకె కంప్యూటర్‌కి, మాట మనిషికి. చదివితే మనిషి కనపడాలి" అనేవారు.

కంకిపాడు వైపు ఒక ఊళ్లో మేము ఇంటింటికీ తిరిగి సర్వే చేశాం. వృత్తి గడిలో ఒకటి అంటే సేద్యం, రెండు కూలి, మూడు ఉద్యోగం, నాలుగు పని లేదు. ఆ అంకెలకు మాటలు కట్టే కోడ్ నేనే రాశాను. తెర మీద అంకెలన్నీ ఒక్కసారిగా మాటలైపోతే చెప్పలేనంత సంబరం. గొంతు సవరించుకుని చదివాను: "పని లేనివారు, ముప్ఫైమంది స్త్రీలు."

మేడమ్ ఆపారు. "వాళ్లలో ఒక్కరి గురించి చెప్పమ్మా. ఎవరావిడ?"

"ఓ పెద్దావిడండి. 'నాకేం పనండీ, ఇంటికాడే ఉంటా' అన్నారు."

"అన్నప్పుడు ఏం చేస్తున్నారు?"

"గేదెకి కుడితి పెడుతున్నారండి."

ల్యాబంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వారు. "ఆ గేదెని ఓ వారం నీకప్పజెప్తా. అప్పుడు నీకూ నాలుగు వేద్దాం."

ఇన్నేళ్ల చదువులో నన్ను అంత ప్రేమగా దిద్దినవారు లేరు. కోడ్ సరిగానే ఉంది. తప్పంతా నేను అంకె వేసిన చోట ఉంది. మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఈసారి "మీ పనేంటి?" అనకుండా, "పొద్దున్నే లేచి ఏం చేస్తారండీ?" అని అడిగాను. "అదీ రాసుకుంటారా అమ్మా!" అని పెద్దావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. అలా మా జాబితాలో అయిదో అంకె పుట్టింది.

అప్పటికే మేడమ్ ఆసుపత్రిలో చేరారు. కొత్త మాటల మోజులో అయిదుకు "పశుపోషకురాలు" అని పెట్టి, ఆ పట్టిక ప్రింటు తీసి వాళ్లమ్మాయి చేతికిచ్చి పంపాను.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఆ అమ్మాయే మడిచిన కాగితం ఒకటి తెచ్చింది. "మమ్మీ నీకిమ్మంది."

నా పశుపోషకురాలిని కొట్టేసి, పక్కన పెన్సిలుతో "పాడి చూసుకుంటారు" అని రాశారు. చివరి అక్షరం కొమ్ము గడి దాటి, సన్నగా, కాగితం అంచు దాకా సాగింది.